మిగులు టేకుతో చేసిన పోపుల పెట్టెకు ధర ఎలా కట్టాలి?

హైదరాబాద్‌లో జాంబాగ్ ఫర్నిచర్ దుకాణాలకు సరుకు చేసే కార్ఖానాల్లో చూసినా, ముషీరాబాద్ టింబర్ డిపోల చుట్టుపక్కల చూసినా గోడవారగా ఒక ముక్కల కుప్ప ఉంటుంది. మంచం పట్టెలు, తలుపు చట్రాలు కోయగా మిగిలిన టేకు అది. చేవ ఉన్న కర్రే, పొడవే చాలదు. ఘనపుటడుగుల లెక్కన కొన్న ఆ కర్ర చివరికి కిలోల లెక్కన పొయ్యిలోకి పోతుంది. అలా పోనివ్వకుండా కొందరు దాంతో పోపుల పెట్టెలు, చపాతీ పీటలు, ట్రేలు, ఫోన్ స్టాండ్లు చేయించి అమ్ముతున్నారు. చాలా మంచి పని. దాన్ని దెబ్బతీస్తున్నది కొనేవాళ్ల నోట వచ్చే ఒక్క మాట: "వేస్ట్ చెక్కే కదా, ఇంత ధరా?"

లెక్క వేసి చూద్దాం. అడుగు పొడవు, 4 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం ఉన్న ముక్కలు 18 కలిస్తే సరిగ్గా ఒక ఘనపుటడుగు. ఘనపుటడుగు వేలల్లో పలికే టేకులో ఒక్కో ముక్క వంతు వందల్లోనే ఉంటుంది. అంటే కొత్త కర్రతో చేసినా పెట్టె ధరలో కర్రది పెద్ద వాటా కాదు. అసలు ఖర్చంతా పనిది.

ఆ పని ఎంతో బయటివాళ్లకు తెలియదు. పొట్టి ముక్కల్ని చిత్రిక మెషీన్‌లోకి తోస్తే ఎగిరి చేతికి తగిలే ప్రమాదం ఉంది కాబట్టి చాలావరకు చేత్తోనే చిత్రిక పట్టాలి. ముందు మేకులేమైనా ఉన్నాయేమో చూసి, చేవ భాగాన్ని తెల్ల చెక్క నుంచి వేరుచేసి, రంగూ, చెక్క మీది చారలూ కలిసేవి ఏరుకోవాలి. ఇసుకలో ఉండే సిలికా టేకులోనూ ఉంటుంది, దాంతో ఉలి పదును ఊరికే పోతుంది. డైనింగ్ టేబుల్ పలకకు ఒకేసారి గరుకు కాగితం పట్టేయొచ్చు. పెట్టెకు లోపలా బయటా అన్ని ముఖాలూ, అన్ని మూలలూ, మూతా విడివిడిగా రుద్దాలి. ఆ రుద్దుడులో లేచే సన్నటి పొట్టు ఊపిరితో లోపలికి పోతుంది. చెక్క ధూళి మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ ఎప్పుడో తేల్చింది. మంచి మాస్కు, ధూళిని లాగే యంత్రం కూడా ఆ ధరలోంచే రావాలి.

మిగిలిన చెక్కతో చేసింది ఉచితమనే భావన మనకు ఊళ్లలోంచి వచ్చిందని నా అభిప్రాయం. గుమ్మాలు చేసిన వడ్రంగి మిగిలిన ముక్కతో పప్పుగుత్తో, కవ్వమో, పసిపిల్లకు నడకబండో చేసి ఇచ్చేవాడు. డబ్బు అడిగేవాడు కాదు. ఎందుకంటే పంట ఇంటికొచ్చినప్పుడు అతనికి మేర, అంటే ఏడాది పనికి ఇచ్చే ధాన్యం, కొలిచేవారు. ఏడాది పొడవునా చేసే చిన్నాచితకా పనులన్నీ అందులోనే కలిసి ఉండేవి. హైదరాబాద్ కార్ఖానాలో పనిచేసే వడ్రంగికి మేర లేదు, రోజు కూలీయే. అతని దగ్గర బేరమాడి తగ్గించిన ప్రతి రూపాయీ ఆ కూలీలోంచే పోతుంది.

అమ్మేవాళ్లకూ బాధ్యత ఉంది. ఇప్పటి ఇంటీరియర్ పనుల్లో మిగిలేది ఎక్కువగా ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసే పలక). వాటిని అతికించే జిగురుల్లో ఫార్మాల్డిహైడ్ అనే హానికర రసాయనం ఉండేవి చాలా ఉన్నాయి. ఫొటో ఫ్రేముకూ, పెన్ స్టాండుకూ అవి వాడుకోవచ్చు. పిండి తగిలే పీటకు, పోపు దినుసులు పోసే పెట్టెకు వాడడం తప్పు. పాత ఇళ్ల తలుపుల చెక్కయితే దానిమీది పాత రంగులో సీసం ఉండొచ్చు, వంటింటి సామానుకు అదీ వద్దు. ఏ కర్రో, లోపల ఏ పాలిష్ వేశారో చీటీ మీద రాయనివాళ్లు "పర్యావరణహితం" అని మాత్రం పెద్ద అక్షరాల్లో రాస్తున్నారు. ఆ పక్కనే చేసిన వడ్రంగి పేరు కూడా ఉండాలి. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు కనీసం ఊరి పేరైనా దక్కింది. ఇక్కడి పనివాళ్లకు అదీ లేదు.

మంచమో, తలుపో కార్ఖానాలో చేయించుకునేవాళ్లు ఒక పని చేయొచ్చు. కోతలో మిగిలే కర్ర కూడా మీరు డబ్బిచ్చి కొన్నదే. దాన్ని తూకానికి వదిలేయకుండా ఆ వడ్రంగితోనే పీటో, పెట్టో చేయించుకుని, దాని కూలీ అతని చేతికే విడిగా ఇవ్వండి.