అమ్మ పేరిట ట్రస్టు, ఐదో ఏట తాళం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అమ్మ పేరిటో తాతగారి పేరిటో ట్రస్టు పెట్టి సొంత ఊరికి ఏదో ఒకటి చేయడం కొత్త సంగతి కాదు. మంచినీళ్ల ప్లాంటు, బడికి ప్రహరీ, ఏటా కొందరు పిల్లలకు ఫీజులు: డబ్బు పెట్టేది అన్నదమ్ములు, లెక్క రాసేది వదిన, ఊళ్లో పని చూసేది మేనమామ. పెద్ద సంస్థలతో పోల్చి వీటిని తక్కువ చేయనక్కర్లేదు. ఏ ఇంట్లో ఆడపిల్ల చదువు ఆగిపోబోతోందో దరఖాస్తు అందకముందే మేనమామకు తెలిసిపోతుంది. అయితే కట్టించడంలో చూపే శ్రద్ధ నడపడంలో చూపకపోవడం ఈ ట్రస్టుల్లో చాలా వాటికి పట్టిన జబ్బు.

కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య తరాలుగా ఉన్నదే. తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. కనుక దాతల చూపు ముందుగా ఆర్వో ప్లాంటు మీద పడటం సహజమే. ఒక షెడ్డు, రెండు ట్యాంకులు, ఐదు రూపాయల బిళ్ల వేస్తే ఇరవై లీటర్ల క్యాను నిండే ఏర్పాటు, గోడకు దాతల పేర్లున్న శిలాఫలకం. ప్రారంభోత్సవానికి కుటుంబమంతా విమానం దిగుతుంది. ఆ తర్వాత కొద్ది నెలలకోసారి ఫిల్టర్లు మార్చాలి, రెండు మూడేళ్లకు మెంబ్రేన్ (నీళ్లలోని లవణాలను ఆపే పొర) మార్చాలి, కరెంటు బిల్లు కట్టాలి, ఆపరేటరుకు జీతమివ్వాలి, ప్లాంటు వదిలే ఉప్పునీళ్లు పక్క కాలువలో నిలిచిపోకుండా చూడాలి. క్యాను మీద వచ్చే చిల్లర కరెంటుకూ జీతానికీ సరిపోతే అదే పదివేలు. మెంబ్రేన్ వంతు వచ్చేసరికి మళ్లీ అమెరికాకు ఫోను చేయాల్సిందే. అక్కడ ఆ ఏడు ఎవరి ఉద్యోగమో పోయి ఉంటుంది, లేదా అన్నదమ్ముల మధ్య మాటలుండవు. ప్లాంటుకు తాళం పడుతుంది. శిలాఫలకం మాత్రం చెక్కుచెదరదు.

చట్టం వైపు నుంచి చిక్కు మరో రకం. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ట్రస్టుకు పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్న నాటి నుంచి, చేతిలో ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, ఆయనిచ్చేది విదేశీ విరాళమే. అప్పుడు ఊరి ట్రస్టుకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. అందుకు ట్రస్టు పుట్టి కనీసం మూడేళ్లయి ఉండాలి, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు పనుల మీద 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. అంత లేనివారు ఫలానా దాత నుంచి, ఫలానా పనికి, ఇంత మొత్తమని చెప్పి ముందస్తు అనుమతి తెచ్చుకోవాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి, పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు, రిజిస్ట్రేషన్ ఉన్న మరో సంస్థకు కూడా దాన్ని బదిలీ చేయకూడదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీటిలో ఢిల్లీ ఖాతా నిబంధననూ బదిలీ నిషేధాన్నీ సమర్థించింది. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్న పెద్ద సంస్థ విదేశీ సొమ్ము తీసుకుని ఊరి సొసైటీకి పంచే పాత పద్ధతికి దీంతో తెరపడింది. విదేశీ సొమ్ము ఎటు పోతోందో ప్రభుత్వం కనిపెట్టి ఉండటాన్ని తప్పు పట్టలేం. కానీ వందల కోట్ల సంస్థకూ పది మంది పిల్లల ఫీజు కట్టే కుటుంబానికీ ఒకే కొలత పెట్టడం వల్ల, ఆడిటరు ఫీజు భరించలేని చిన్నవారు అడ్డదారి పడుతున్నారు. బంధువుకు పంపినట్టు చూపి ఆ డబ్బుతో ట్రస్టు పని నడపడం ఆ అడ్డదారుల్లో ఒకటి. రేపు నోటీసు వస్తే సమాధానం చెప్పుకోవాల్సింది అమెరికాలోని అల్లుడు కాదు, ఊళ్లోని మేనమామ.

ఈ ప్రాంతానికి విదేశీ సాయం నిన్న మొన్న రాలేదు. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి పని చూపించారు. ఆ వెంటనే జరిగిన మతమార్పిడుల మీద ఎవరి అభిప్రాయం వారిది. అయితే ఆయన ఊరికి దూరంగా కూర్చుని డబ్బు పంపలేదు, అక్కడే ఉండి పని చేయించారు. మన ప్రవాస కుటుంబాలు ఊళ్లో కాపురం ఉండలేవు గనుక, ఆ బాధ్యత మోసే మనిషికి జీతమివ్వాలి. మేనమామ మొహమాటం మీద ఇరవై ఏళ్లు బండి నడవదు.

ప్లాంటు కట్టేటప్పుడే దాని ఖర్చులో కొంత భాగాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, వడ్డీని మెంబ్రేన్‌కు కేటాయించాలి. బోర్డులో కుటుంబం బయటివారు కనీసం ఇద్దరుండాలి, వారిలో ఒకరు నీళ్లు పట్టుకునే ఇంటి ఆడమనిషి అయితే ఫిల్టరు మార్చలేదన్న సంగతి మొదటి వారమే బయటపడుతుంది. దాత చేతులెత్తేస్తే ప్లాంటు ఎవరి చేతికి పోతుందో, కరెంటు మీటరు ఎవరి పేరిట ఉంటుందో శంకుస్థాపనకు ముందే పంచాయతీ తీర్మానంలో రాయించాలి. ఏటా జమాఖర్చులు తెలుగులో రాసి, శిలాఫలకం పక్కనే అంటించాలి.