వరంగల్‌లో థెరపీ గురువులను పోషిద్దాం

పరదేశంలో ఉన్న మన సంఘం సేవా నిధిలో పెద్ద భాగం ఆస్పత్రి పరికరాల కొనుగోలుకే పోతున్నది. హనుమకొండలో పెరిగి, ఈ దేశంలో చాలా కాలం ఆస్పత్రి వార్డుల్లో, రోగులకు రోజువారీ పనులు మళ్లీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టుగా పనిచేసి, ఆపైన విశ్వవిద్యాలయంలో అదే విద్యను బోధిస్తున్న మనిషిగా, ఆ నిధిలో కొంతైనా వరంగల్‌లో ఈ వృత్తిని నేర్పే అధ్యాపకుల జీతాలకు మళ్లించాలని నేను గట్టిగా కోరుతున్నాను.

పక్షవాతం వచ్చిన మనిషి లేచి నాలుగడుగులు వేస్తే గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కానీ నడక వచ్చాక కూడా తన ముద్ద తాను తినలేకపోతే, చీర కుచ్చిళ్లు తాను పెట్టుకోలేకపోతే, దొడ్డికి పోయి కూర్చున్న చోటి నుంచి ఒకరి సాయం లేకుండా లేవలేకపోతే, ఆ మనిషికి ఇంట్లో మునుపటి స్థానం తిరిగి రాదు. మా వృత్తి చూసుకునేది ఆ పనులనే. ఏ పని పోయిందో ఆ పనినే ముక్కలుగా విడదీసి, అసలు వస్తువులతో పదే పదే చేయిస్తే మెదడు దాన్ని మళ్లీ నేర్చుకుంటుంది. కోలుకునే వేగం తొలి మూడు నుంచి ఆరు నెలల్లోనే ఎక్కువ కాబట్టి, ఆ కాలంలో ఏం చేయిస్తున్నామన్నది చాలా ముఖ్యం.

చేతి పనితనాన్ని కొలవడానికి ప్రపంచమంతటా వాడే పరీక్షల్లో 1969లో ప్రచురితమైన జెబ్సన్-టేలర్ పరీక్ష ఒకటి. అందులోని ఏడు అంశాల్లో ఒకటి తినే పనిని పోలినది: చిన్న చెంచాతో రాజ్మా గింజలను ఒక్కొక్కటిగా ఎత్తి డబ్బాలో వేయాలి. పరీక్ష మంచిదే, నేనూ వాడాను, విద్యార్థులకూ నేర్పాను. అయితే వరంగల్‌లో అన్నం తినే చెయ్యి చేసే పని వేరు. వేడి అన్నంలో పప్పు కలిపేటప్పుడు వేళ్లన్నీ విచ్చుకోవాలి, వేడి ఎంతో వేళ్ల కొసలకు తెలియాలి, ఆ తర్వాత అయిదు వేళ్లూ దగ్గరికి రావాలి, ముద్ద జారకుండా మణికట్టు తిరగాలి, చివరికి బొటనవేలు ముద్దను నోట్లోకి నెట్టాలి. చెంచా పరీక్షలో మంచి మార్కులు వచ్చిన చెయ్యి కంచం ముందు ఓడిపోవచ్చు. పైగా కుడిచెయ్యి పడిపోయిన వారికి ఎడమచేత్తో తినడం నేర్పడం ఇక్కడ మామూలు పద్ధతి. వరంగల్‌లో ఎడమచెయ్యి కడుక్కోవడానికి వాడేది కాబట్టి, ఆ చేత్తో తినమంటే, ఇంకొకరికి వడ్డించమంటే ఏ పెద్దావిడా ఒప్పుకోదు. ఒప్పుకోనందుకు ఆమెకు పట్టుదల లేదని రాసే థెరపిస్టు ఆమెను అర్థం చేసుకోనట్టే.

సెలవుల్లో వరంగల్ వెళ్లినప్పుడు తెలిసినవారి ఇళ్లలో రోగులను చూస్తుంటాను. జగిత్యాల వైపు నుంచి కూతురింటికి వచ్చి ఉన్న ఒక బీడీ కార్మికురాలిని అలాగే చూశాను. రబ్బరు బంతి చేతిలో పెట్టి నొక్కమంటే రెండుసార్లు నొక్కి పక్కన పెట్టేసింది. చాట తెప్పించి ఒళ్లో పెట్టి, తడిబట్టలో చుట్టిన తునికాకులు అందిస్తే మాత్రం భుజం దానంతటదే కుదురుకుంది. అచ్చు మీద పెట్టి కత్తిరించిన ఆకును ఎడమ వేళ్ల మీద పరచడం, చిటికెడు తంబాకు సమంగా సర్దడం, రెండు బొటనవేళ్లతో ఒకేసారి చుట్టడం, మూతి మడిచి దారం కట్టడం: ఇన్ని మెలకువలున్న అభ్యాసం ఏ యంత్రమూ ఇవ్వదు. మొదటి బీడీ వదులుగా వచ్చింది, దారం జారిపోయింది. ‘‘చెయ్యి మర్సిపోలేదు బిడ్డా, అలిసిపోయింది’’ అన్నది ఆమె. తంబాకు ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదని తెలుసు కాబట్టి తర్వాత ఖాళీ ఆకులతోనే సాధన చేయించమని కూతురికి చెప్పాను. మళ్లీ కార్ఖానాకు బీడీలు చుట్టాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. ఆ నిర్ణయం తీసుకోగల చెయ్యి ఆమెకు ఉండాలన్నదే నా తాపత్రయం.

ఇలాంటి పాఠాలు ఉత్తర తెలంగాణ నిండా ఉన్నాయి. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లలో ఎవరికైనా చేతి స్పర్శ పోతే, ఘాటు అంటిన వేళ్లు మండుతున్న సంగతి వారికి తెలియదు. అదే చెయ్యి కంటికి తగిలితే ఎంత ప్రమాదమో ముందుగా చెప్పవలసింది థెరపిస్టే. వరంగల్ కొత్తవాడలో మగ్గం ముందు కూర్చునే నేతకారుడికి నడుము, మోకాలు, రెండు చేతులు ఒకే లయలో నడవాలి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు అలాంటి చేతుల పనితనమే. ఈ పనులను కళ్లారా చూసి, విడదీసి, రాసిపెట్టి, విద్యార్థులకు నేర్పగలిగేది అక్కడ ఉండి, అక్కడి రోగులను చూస్తూ పాఠం చెప్పే అధ్యాపకులే. రోగిని ముట్టుకోవడం మానేసిన అధ్యాపకుడి పాఠం కొన్నేళ్లకే ఎండిపోతుందని నా నమ్మకం. అందుకే బోధనలోకి వచ్చాక కూడా వారంలో కొంత సమయం క్లినిక్‌కు కేటాయించుకుంటూ వచ్చాను. ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ప్రమాణాల ప్రకారం ప్రతి విద్యార్థీ కనీసం 1,000 గంటలు పర్యవేక్షణలో క్షేత్ర శిక్షణ పొందాలి. పక్కన నిలబడి చూపించే గురువు లేకపోతే ఆ గంటలు రిజిస్టరులో సంతకాలుగా మిగిలిపోతాయి.

భారతదేశంలో ఈ వృత్తి మొదలైన తీరు కూడా ఇదే చెబుతుంది. అమెరికాలో పుట్టి, భారతీయుడిని పెళ్లాడి అక్కడే స్థిరపడిన కమలా నింబ్కర్, 1950లో బొంబాయి కేఈఎం ఆస్పత్రిలో బడి పెట్టి, థెరపిస్టులను తయారుచేసే పనికి పూనుకున్నారు. రెండేళ్లు తిరిగేసరికి, 1952లో, ప్రపంచ సమాఖ్య వ్యవస్థాపక దేశాల్లో భారత్ ఒకటిగా నిలిచింది. మనం పంపే పరికరాల సంగతి చూస్తే, మనవంటి దాతలే కొనిచ్చిన చేతి వ్యాయామ యంత్రం ఒక ఆస్పత్రిలో దుప్పటి కప్పుకుని ఉండటం నేను చూశాను. నడపడం వచ్చిన ఒక్క మనిషి బదిలీ అయ్యాక దాన్ని ముట్టుకున్నవారు లేరు. అక్కడి సిబ్బందిని నేను తప్పుపట్టడం లేదు. వారికి నేర్పే ఏర్పాటు మనమూ చేయలేదు, ఎవరూ చేయలేదు.

నేర్చుకున్నవాళ్లు విదేశాలకు వెళ్లిపోతారు కదా అని మిత్రులు అంటున్నారు. కొందరు వెళతారు. అయినా సొంత ఊరి పనుల మీద, సొంత ఊరి రోగుల దగ్గర చదువు సాగితే, ఉండిపోవడానికి కారణాలు పెరుగుతాయి. ఉన్నంత కాలం వాళ్లు చూసే రోగులూ తక్కువేమీ కాదు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి జనం ఎంజీఎం ఆస్పత్రికే వస్తారు. కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కూడా వరంగల్‌లోనే ఉంది. 2021లో కేంద్రం చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆక్యుపేషనల్ థెరపీకి చట్టబద్ధమైన గుర్తింపునిచ్చింది. ఇన్ని అనుకూలతలున్న చోట ఒక బోధనా కేంద్రానికి అండగా నిలవడం మనకు తలకు మించిన భారం కాదు.

వచ్చే కార్యవర్గ సమావేశంలో నేను పెట్టబోయే ప్రతిపాదన ఇది: మూడేళ్లపాటు ఇద్దరు అధ్యాపక-థెరపిస్టుల జీతాన్ని సంఘం భరించాలి, వారి సమయంలో సగం రోగులకే పోయేలా ఒప్పందంలో రాయాలి, విద్యార్థులు ఇళ్లకు వెళ్లి చూసే ప్రయాణ ఖర్చులనూ మనమే ఇవ్వాలి. వారం రోజుల ఉచిత శిబిరాలకు బదులు, మనలో ఈ వృత్తిలో ఉన్నవారు కనీసం ఒక సెమిస్టర్ అక్కడే ఉండి పాఠం చెప్పాలి. రాలేనివారు వారానికోసారి వీడియోలో విద్యార్థుల కేసులను చర్చించాలి. ఈ వృత్తిలో ఉన్న సభ్యులు తాము ఏ నెలల్లో వరంగల్‌లో ఉండగలరో సమావేశానికి ముందే కార్యదర్శికి తెలియజేయాలని కోరుతున్నాను.