గంటకు 250, రోజుకు 200

ఢిల్లీలో ప్రణాళికా సంఘాన్ని ఎప్పుడో ఎత్తేశారు గానీ, మా ఇంట్లో మాత్రం అది నిక్షేపంగా నడుస్తోంది. సభ్యులం ఇద్దరమే. నేను హైదరాబాద్‌లో, మా బావమరిది పారిస్ శివార్లలో. మా అత్తగారి వాళ్లది యానాం. 1954 దాకా అక్కడ ఎగిరింది ఫ్రెంచి జెండాయే గనక, ఫ్రాన్సు రోడ్ల మీద తనకు తాతల నాటి హక్కు ఉందని అతని గట్టి నమ్మకం. ఆ హక్కును స్పోర్ట్స్ కారులో వినియోగించుకోవాలని మూడు నెలల కిందట ఏకగ్రీవంగా తీర్మానించాం.

పథకం చాలా చిన్నది. పారిస్ నుంచి దక్షిణాన సముద్రం ఒడ్డునున్న నీస్‌కి సుమారు 930 కిలోమీటర్లు. మేం ఎంచుకున్న కారు గంటకు 250 పోతుంది. భాగిస్తే 3 గంటల 43 నిమిషాలు. కాఫీకి పావుగంట కలిపి, నాలుగు గంటలని ఎక్సెల్ షీట్‌లో వేసి, ఆ గడికి ఆకుపచ్చ రంగు పూశాం. ఇవాళ అదే గడిలో ‘5 రోజులు’ అని ఉంది. మధ్యలో జరిగిన పరిణామాలను ప్రజల ముందు ఉంచడం నా బాధ్యత.

ముందు కారు సంగతి. ఫ్రాన్సుకి వెళ్లి జర్మన్ కారు నడిపితే యానాం పరువేం కాను అని బావమరిది పట్టుబట్టాడు. అందుకని ఫ్రెంచి కంపెనీ ఆల్పీన్ వారి ఏ110 ఖాయం చేశాం. దియెప్‌లో పుట్టిన కారు. 1973లో వరల్డ్ ర్యాలీ ఛాంపియన్‌షిప్ మొదలైన ఏడాదే తయారీదారుల టైటిల్ ఎగరేసుకుపోయిన పేరు అది. ఇప్పటి కారు బరువు 1,100 కిలోలు, లోపల 252 గుర్రాల బలం.

ఇన్ని గుర్రాలను ఎక్కడ పరిగెత్తించాలన్నది తర్వాతి ఎజెండా. పారిస్‌లో చాలా వీధుల్లో 2021 నుంచి గంటకు 30 దాటకూడదు. సరే, ఊళ్లో ఎలాగూ కుదరదు, రింగ్ రోడ్డు ఎక్కేద్దాం అన్నాను. మన ఓఆర్‌ఆర్ మీద 120 పోనిస్తారు కదా అని నా ధీమా. పారిస్ రింగ్ రోడ్డు మీద 2024 అక్టోబరు నుంచి 50. ఎక్స్‌ప్రెస్‌వే మీద 130, వాన పడితే 110. పల్లె రోడ్ల మీద 2018లో 90ని 80కి దించారు. కొన్ని జిల్లాలు మళ్లీ 90కి వెళ్లాయి గానీ, ఏ జిల్లా ఎక్కడ మొదలవుతుందో తెలుసుకుంటూ నడపడానికి వేరే షీట్ కావాలి. పరిమితి కంటే 40 ఎక్కువ పోయి దొరికితే లైసెన్సు అక్కడికక్కడే లాగేసుకోవచ్చు. వేగం పట్టే రాడార్‌ని ముందే పసిగట్టే పరికరం కొందామా బావా అని మా వాడు గుసగుసగా అడిగాడు. ఆ దేశంలో అది కారులో ఉండటమే నేరం.

ఇవన్నీ దాటి ఏదైనా ఊళ్లోకి దిగితే స్పీడ్ బ్రేకర్. దాన్ని ఫ్రెంచివాళ్లు ‘గాడిద వీపు’ అంటారు. ఎత్తు 10 సెంటీమీటర్లు అని 1994లోనే ప్రభుత్వ ఉత్తర్వు ఉంది. నేలను రాసుకుంటూ పోయే కారు దాని ముందు పూర్తిగా ఆగి, దణ్ణం పెట్టి, పక్కవాటంగా ఎక్కాలి. 252 గుర్రాలు ఒక గాడిద దగ్గర అనుమతి తీసుకోవడం ప్రజాస్వామ్యంలోనే సాధ్యం.

అయినా మేం కుంగిపోలేదు. అద్దె కాగితాలు వచ్చిన రోజున కుంగిపోయాం. ఏడో పేజీలో, చీమలు పాకినంత అక్షరాల్లో ఉంది: రోజుకు 200 కిలోమీటర్లు మాత్రమే, పైన ప్రతి కిలోమీటరుకీ అదనం. బావమరిది కాలిక్యులేటర్ తీశాడు. కారు సత్తా ప్రకారం పోతే ఆ రోజు కోటా 48 నిమిషాల్లో ఖతం. మిగిలిన 23 గంటల 12 నిమిషాలూ కారు పక్కన నిలబడి ఫోటోలు దిగాలి. దీనికే డిపాజిట్ కట్టేది. ఆ డిపాజిట్ అంకె ఇక్కడ రాయను, మా ఆవిడ కూడా ఈ పత్రికే చదువుతుంది.

గ్రెనోబుల్ నుంచి కిందికి నెపోలియన్ రూటు పడదామని ముందే అనుకున్నాం. ఆయన ఎల్బా దీవి నుంచి తప్పించుకుని 1815 మార్చి 1న వెయ్యిమందితో గోల్ఫ్-జువాన్ తీరంలో దిగి, మంచు కొండల్లో కంచరగాడిదల బాట పట్టి, 7న గ్రెనోబుల్, 20న పారిస్ చేరాడు. మేం అదే దారిని ఎదురుగా ఐదు రోజుల్లో ముగిస్తున్నాం. రెండు వందల ఏళ్ల సాంకేతిక ప్రగతి ఇరవై రోజులను నాలుగో వంతుకు కుదించింది. పైగా ఆయనకు రోజుకు ఇన్ని కిలోమీటర్లే అన్న షరతు లేదు, డిపాజిట్టూ లేదు.

ముహూర్తం బాధ్యత అత్తగారు తీసుకున్నారు. ఫ్రాన్సులో కూడా పంచాంగం ఉంది. పేరు బిజోన్ ఫ్యూటే, అంటే జిత్తులమారి అడవిదున్న. 1976 నుంచి ఏ రోజు ఎంత ట్రాఫిక్ ఉంటుందో ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు రంగుల్లో ప్రభుత్వమే చెబుతుంది. ఆగస్టు మొదట్లో శనివారం తరచూ నలుపే. అత్తగారు ఆ నల్ల శనివారాలు, ఈ అమావాస్యలు, వర్జ్యాలు అన్నీ కొట్టేశాక బావమరిదికి సెలవు దొరికే రోజు ఒక్కటి మిగిలింది. అది మంగళవారం. మంగళవారం బయల్దేరకూడదు.

సామాన్ల విషయంలో ఉపసంఘం వేశాం. ముందొక డిక్కీ, వెనకొక డిక్కీ, రెండూ కలిపి 196 లీటర్లు. పెద్ద సూట్‌కేసు దేనిలోనూ పట్టదు. వెనక డిక్కీ ఇంజన్‌కి ఆనుకుని ఉంటుంది గనక వెచ్చబడుతుంది. మాగాయకైతే ఆ వేడి మంచిదే గానీ, ఆవకాయ పాడవుతుందని అత్తగారి నిపుణుల నివేదిక. ముందు డిక్కీలో బట్టలు. సీట్ల దగ్గర పెడదామంటే అక్కడ పసుపు జాకెట్ ఉండాలి. కారు చెడితే తొడుక్కోవాల్సిన ఆ జాకెట్, సీట్లోంచి లేవకుండా చేతికందేచోట ఉండాలని అక్కడి చట్టం. (2018లో పెట్రోలు పన్ను మీద, పల్లె రోడ్ల ఈ 80 పరిమితి మీద మండిపడి జనం అదే జాకెట్ తొడుక్కుని రోడ్డెక్కారు. రాడార్లలో సగానికి పైగా దెబ్బతిన్నాయని హోంమంత్రే ఒప్పుకున్నారు. ఉద్యమానికి యూనిఫాం ముందే ఇంటింటికీ కొనిపించిన ప్రభుత్వం అదొక్కటే అనుకుంటా.)

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో సంఘం సమావేశమై ఉండగా, బావమరిది భార్య వెనకనుంచి తొంగిచూసి, “అన్నయ్యా, ఇద్దరు పట్టే కారులో నేనెక్కడ కూర్చోవాలి?” అంది. ఈ అంశం ఎజెండాలో లేదు. మేం చర్చను వాయిదా వేసేలోపే ఆ అమ్మాయి ఫోన్ తీసి నీస్‌కి రైలు టికెట్ కొనేసుకుంది. టీజీవీ. హైస్పీడు పట్టాల మీద గంటకు 300 పోతుంది, లోపల జనం పడుకుంటారట. మొత్తం ఆరు గంటల ప్రయాణం. సూట్‌కేసులు, కుక్కరు, ఆవకాయ అన్నీ తనతోనే పంపమంది.

ఆ లెక్కన మా మొదటి రోజు 200 కిలోమీటర్లు ఓసేర్ అనే ఊరు దాటిన కాసేపటికి అయిపోతాయి. పొలం గట్టున కారాపుకుని మేం ఆవుల్ని చూస్తుంటే, ఆవకాయ నీస్‌లో సముద్రం చూస్తుంటుంది. అందుకని నిన్న రాత్రి షీట్‌లో ఒక వరస చేర్చాం: చిన్న సీసా ఒకటి, చేతికందేచోట, పసుపు జాకెట్ కింద.