మూడో ప్రతి మీద తగువు

(చెన్నై టీ.నగర్‌లో పానగల్ పార్కు. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో రచయితలు సాయంత్రాలు ఇక్కడి బెంచీల మీద కూర్చునేవారు. ఇప్పుడు ఒక బెంచీ మీద అత్త, మేనల్లుడు ఉన్నారు. అత్త ఈ ఊళ్ళోని తెలుగు అచ్చాఫీసుల్లో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. మేనల్లుడు చెన్నైలో ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కథలు రాస్తాడు. గూడూరులో ఉండే తల్లి వేలచ్చేరిలో కొడుకు ఫ్లాట్‌కు వచ్చి వారం రోజులు ఉండి వెళ్ళడం అతని తాజా కథ. ఆ కథ మొదటి ప్రతి, మూడో ప్రతి రెండూ అత్త ఒళ్ళో ఉన్నాయి.)

అత్త: మొదటిది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడోది చదివి లేచి కాఫీ పెట్టుకున్నా.

మేనల్లుడు: మూడోదాంట్లో ఒక్క వాక్యం కూడా వంకర లేదు అత్తా. ఎన్ని రాత్రులు కూర్చున్నానో దాని మీద.

అత్త: వంకర లేదు, నిజమే. ఆ తల్లి కూడా లేదు. మొదటి ప్రతిలో ఆవిడ రైల్లో కిటికీ పక్కన కూర్చుని స్టేషన్ల పేర్లు చదువుకుంటూ వస్తుంది. నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ. తడ దాటాక తమిళనాడు, ఆవిడ చదవగలిగే అక్షరాలు అయిపోతాయి. అక్కణ్ణుంచి కొడుకు ఇల్లు చేరేదాకా ఎవరో ఒకరిని అడుగుతూనే ఉండాలి. ఆ పేజీ ఏదిరా?

మేనల్లుడు: తీసేశా. అది చదివేవాళ్ళ కోసం రాసింది కాదు, నా కోసం రాసుకున్నది. ఆవిడ ఎలాంటి మనిషో తెలియక రైలెక్కించా. తెలిశాక ఆ పేజీతో పని అయిపోయింది. నిజం చెప్పాలంటే మొదటి చిత్తు రాయడం నాకు నరకం. ఖాళీ పేజీ చూస్తే చెయ్యి ఆడదు, రాసిన ప్రతి మాటా అబద్ధంలా కనిపిస్తుంది. దిద్దడం మొదలుపెట్టాకే ఊపిరి తిరుగుతుంది. అప్పటికి నా ఎదురుగా ఏదో ఒకటి ఉంటుంది కదా, దాంతో పోట్లాడొచ్చు. రాయడమంటే నాకు అదే.

అత్త: హాయిగా ఉంటుంది కాబట్టే నువ్వు ఆపలేకపోతున్నావు. మా రోజుల్లో సీసపు అక్షరాలు చేత్తో పేర్చేవాళ్ళు. పేజీలు కట్టకముందు దిద్దడానికి తీసే గ్యాలీ ప్రూఫు మీద రచయిత ఒక్క మాట చేరిస్తే చాలు, పేరా చివరిదాకా లైన్లన్నీ కదిలేవి. కంపోజిటర్ వాటిని మళ్ళీ పేర్చుకోవాలి. పేజీలు కట్టాక చేరిస్తే తర్వాతి పేజీలూ జరిగేవి. అందుకని తేల్చుకోవాల్సింది ఇంట్లోనే తేల్చుకుని వచ్చేవాళ్ళు. ముందు చిత్తు, తర్వాత సాపు. సాపు రాసేటప్పుడు ప్రతి అక్షరం మళ్ళీ చేతి మీదుగా పోవాలి కాబట్టి నిజంగా అక్కర్లేనిది అక్కడే రాలిపోయేది. నువ్వు మీట నొక్కితే పేరా మాయం. దానికి ఎవరి కష్టమూ ఖర్చు కాదు. మరి ఎక్కడ ఆపాలో నీకు ఎవరు చెప్తారు?

మేనల్లుడు: గురజాడను అడుగుదాం. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. 1909లో రెండో కూర్పు వచ్చేసరికి అది దాదాపు కొత్త నాటకం. మనం చదివేదీ, మాటల్లో వాడుకునేదీ ఆ రెండోదాన్నే. మధురవాణి అంత మనిషిగా ఎదిగింది అందులోనే. ఆయన రోజుల్లోనూ సీసపు అక్షరాలే కదా, అయినా తిరగరాశాడు. మొదటిదాంట్లోనే ప్రాణం ఉందని ఊరుకుని ఉంటే మనకేం మిగిలేది?

అత్త: నువ్వొక సంగతి దాటేసి చెప్తున్నావు. మొదటిదాన్ని ఆయన పెట్టెలో దాచుకోలేదు. ఆడించాడు, అచ్చు వేయించాడు. పన్నెండేళ్ళు అది జనంలో తిరిగాక మళ్ళీ చెయ్యి వేశాడు. నీ కథ నీ లాప్‌టాప్ దాటి నా ఒళ్ళోకి వచ్చిందంతే. ఎవరూ చదవనిదాన్ని ఎవరికి నచ్చేలా దిద్దుతున్నావు? రైలుతో మొదలుపెడితే పాతకాలపు ఎత్తుగడ అంటారని భయం. అవునా కాదా?

మేనల్లుడు: భయం ఉంటే తప్పేంటి? చదివేవాడు రెండో పేజీలో పక్కన పడేస్తాడేమో అన్న భయం లేకపోతే నేను రాసేది డైరీ అవుతుంది. ఆ భయంతోనే నేను నా వాక్యాలను పరాయివాడిలా చదవగలుగుతున్నా. పైకి చదువుకుంటా కూడా. ఎక్కడ నాలుక తడబడితే అక్కడ ఏదో దాస్తున్నానని అర్థం.

అత్త: పైకి చదవడం మంచిదే. కానీ కత్తిరించడమే గొప్పతనం అనే గాలి ఒకటి వీస్తోంది, అది నిన్నూ తాకింది. ఆ అమెరికా కథకుడు కార్వర్ సంగతి నువ్వే కదా నాకు చెప్పావు. 1981లో వచ్చిన ఆయన పుస్తకంలో ఎడిటర్ గోర్డన్ లిష్ సగానికి పైగా కోసేశాడు. పుస్తకం ఆపమని బతిమాలుతూ కార్వర్ ఆ ఎడిటర్‌కు ఉత్తరం రాసుకున్నాడు. అయినా అది అలాగే వచ్చింది, లోకం మెచ్చుకుంది. ఆయన రాసిన అసలు ప్రతులు బయటికొచ్చింది 2009లో, ఆయన పోయిన ఇరవయ్యొక్క ఏళ్ళ తర్వాత. నీ మూడో ప్రతి చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది. నీలోనే ఒక లిష్‌ను పెట్టుకున్నావు.

మేనల్లుడు: ఆ కథ అక్కడితో ఆగలేదు అత్తా. లిష్ బాగా కోసేసిన వాటిలో ‘ద బాత్’ ఒకటి. కార్వర్ దాన్ని వదల్లేదు. పోయినదంతా తిరిగి నిలబెట్టి 1983లో ఇంకో పేరుతో తన పుస్తకంలో వేసుకున్నాడు. తీసేసింది వెనక్కి తెచ్చుకోవడం కూడా దిద్దడమే. అందుకే ఆ రైలు పేజీని నేను పారేయలేదు, వేరే ఫైల్లో ఉంది. తీసేస్తే కథ నిలబడుతుందా లేదా అని చూస్తున్నా. తీసి చూడకుండా అది ఎంత అవసరమో నాకెలా తెలుస్తుంది?

(ఇక్కడ నా మాట ఒకటి. మేనల్లుడి వాదంలో గట్టి మాట ఇదే. ఒక పేజీ లేకుండా కథను చదివితేనే ఆ పేజీ విలువ తెలుస్తుంది. అయితే అత్త పట్టుకున్నది అంతకంటే సున్నితమైన నష్టం, దాన్ని ఏ ఫైల్లోనూ దాచలేం.)

అత్త: సరే, పేజీ వెనక్కి వస్తుందనుకో. మాట? మొదటి ప్రతిలో తల్లి గడపలో నిలబడి ‘బాగుండావా నాయనా’ అంటుంది. మూడోదాంట్లో ‘బాగున్నావా నాన్నా’ అంటోంది. ఎవరిదిరా ఆ గొంతు?

మేనల్లుడు: అది... అన్ని జిల్లాలవాళ్ళకూ అర్థం కావాలని.

అత్త: ‘బాగుండావా’ అర్థం కానిది ఎవరికి? శ్రీకాకుళంలో కాదా, కరీంనగర్‌లో కాదా? నువ్వు ప్రత్యేకంగా కూర్చుని తీసేయలేదని నాకు తెలుసు. వాక్యాలు నున్నగా చేసుకుంటూ పోయావు, ఆ ఊపులో అదీ పోయింది. ప్రూఫులు దిద్దేటప్పుడు నా చెయ్యి కూడా అలాగే పోబోయేది. నెల్లూరు మాట కనిపిస్తే పక్కన గీత పెట్టాలనిపించేది. అది తప్పు కాదు, ఆ మనిషి మాట అని నాకు నేను చెప్పుకుని ఆగేదాన్ని.

మేనల్లుడు: కానీ నువ్వు ఎంతో గౌరవించే రచయిత కొడవటిగంటి కుటుంబరావు గారు? 1952 నుంచి 1980లో పోయేదాకా ఇదే ఊళ్ళో ‘చందమామ’లో కూర్చుని, వచ్చిన కథల్ని తిరగరాశారు కదా.

అత్త: అది పిల్లల పత్రిక. కథ ఏ ఊరి నుంచి వచ్చినా చెప్పే గొంతు ఒకటే అనిపించాలి, అందుకు తిరగరాయడం న్యాయం. నీ కథలో మాట్లాడుతున్నది ఒక్క తల్లి, అదీ గూడూరు తల్లి. ఆవిడ గొంతు పోతే కోడలి వంటింట్లో ఆవిడ ఎందుకు మూగబోయిందో చదివేవాళ్ళకు తెలియదు. ఊళ్ళో నోరున్న మనిషి ఇక్కడికొచ్చి మాట మింగేస్తోంది. కథంతా అదే కదరా!

మేనల్లుడు: (కాగితాలు తీసుకుని మొదటి పేజీ తిప్పుతూ) ‘బాగుండావా’ తిరిగి వస్తుంది. ఆవిడ మాటలన్నీ ఒక్కొక్కటీ పోల్చి చూస్తా. కానీ నాలుగో ప్రతి మాత్రం రాస్తా. నువ్వు ఇప్పుడన్నది, మూగబోవడం, అది మొదటి ప్రతిలో కూడా లేదు. నువ్వు రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకుని చదివావు కాబట్టి నీకు కనిపించింది.

అత్త: రాయి. రాసి పత్రికకు పంపు. ఐదోది రాయాలనిపిస్తే అచ్చయ్యాక రాసుకో. రైలు మాత్రం మొదట్లోనే ఉండాలి.

మేనల్లుడు: మొదట్లో వద్దు. వంటింట్లోంచే మొదలవ్వాలి అత్తా. ఆవిడ అక్కడ ఇండక్షన్ స్టవ్ ముందు మాట్లాడకుండా నిలబడి ఉండాలి. రైలు తర్వాత గుర్తుకు రావాలి.

అత్త: అలాగైతే తడ దగ్గర అక్షరాలు అయిపోయిన సంగతి చదివేవాళ్ళకు ఆలస్యంగా తెలుస్తుంది.

మేనల్లుడు: ఆలస్యంగానే తెలియాలి.

అత్త: నేను ఒప్పుకోను. రాసి తీసుకురా, చూద్దాం.