సవరణ: పాత ఏపీఐకి 'డిప్రికేటెడ్' అని గుర్తు పెడితే సరిపోదు

పోయిన వారం పోస్టులో తప్పు రాశాను. వాడుక మానేయబోతున్న ఏపీఐ (ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంతో పని చేయించుకునే దారి) జోలికి, తనంతట తానే పనులు చేసే ఏఐ ఏజెంట్ పోకుండా ఉండాలంటే ఏపీఐ వివరాలు రాసిపెట్టే ఓపెన్‌ఏపీఐ ఫైల్లో 'డిప్రికేటెడ్: ట్రూ' అని పెడితే చాలన్నాను. చాలదు. విజయనగరంలో మా ఆఫీసులోనే అది తేలిపోయింది. ఏజెంట్ నిక్షేపంగా పాత టూల్‌నే (ఏజెంట్ వాడుకోడానికిచ్చిన ఏపీఐ పనినే) పిలుస్తూ కూర్చుంది.

ఆ ఫైలును టూల్స్‌గా మార్చేటప్పుడు ఏజెంట్ వెనకున్న ఏఐ మోడల్‌కి సాధారణంగా వెళ్ళేవి పేరు, వివరణ, పారామీటర్లు (టూల్‌కి ఇవ్వాల్సిన విలువలు). ఆ గుర్తును మేం రాసుకున్న స్క్రిప్టే మధ్యలో వదిలేసింది. గంటస్తంభం దగ్గరి కొట్టు వేరే వీధికి మార్చి, ఆ సంగతి షట్టర్ లోపల అంటించినట్టయింది. వచ్చినవాళ్ళకి కనబడేది బయటి బోర్డే కదా!

కాబట్టి సంగతి వివరణలో, అదీ మొదటి వాక్యంలోనే ఉండాలి. 'పాతది, వాడొద్దు' అని ఊరుకోకండి. బదులుగా ఏ టూల్ వాడాలో, ఏ పారామీటర్ మారిందో కూడా రాయండి. మా దాంట్లో కస్టమర్ ఐడీ అంకె నుంచి స్ట్రింగ్‌కి (అక్షరాల వరసకి) మారింది. అది రాయనంతకాలం ఏజెంట్ కొత్త టూల్‌కీ పాత అంకెనే పంపింది, మాకు టెన్షన్ మిగిలింది. కుదిరితే పాత టూల్‌ని ఏజెంట్‌కిచ్చే జాబితాలోంచే తీసేయడం ఇంకా మేలు.

ఇంకొకటి. ఏపీఐ జవాబుతో పాటు వచ్చే డిప్రికేషన్, సన్‌సెట్ హెడర్లు (అదనపు సమాచారపు లైన్లు) రెండూ ఒకటేనని ఆ పోస్టులోనే అన్నాను. కావు. 2025లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9745లోని డిప్రికేషన్, ఎప్పటినుంచి వాడొద్దంటున్నారో చెబుతుంది. అప్పటికీ ఏపీఐ పనిచేస్తూనే ఉంటుంది. 2019 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8594లోని సన్‌సెట్, అది ఆగిపోయే తేదీ. పాత పోస్టులో ఈ తప్పులున్న రెండు పేరాలూ కొట్టేశాను.