పార్వతీశం మీద ఫిల్టర్ కాఫీ

పుస్తకం ఎలా ఉందని అడిగితే ఎవరైనా ‘బాగుందండీ’ అనే అంటారు. అసలు సంగతి తెలియాలంటే పేజీలు తిరగెయ్యాలి. డిటెక్టివ్ నవలైతే కింది మూలల్లో ఆవకాయ నూనె ఉంటుంది. హంతకుడు దొరికేదాకా చెయ్యి కడుక్కోరు కదా! ఏడుపు నవలతో పెద్ద నష్టం లేదు, కన్నీటి చుక్క ఎండాక చిన్న ముడత మిగులుతుంది. ప్రమాదమంతా హాస్యంతోనే. మొగల్తూరు వదిలి బారిస్టరు చదువుకి బయల్దేరిన పార్వతీశాన్ని నోట్లో కాఫీ పెట్టుకుని చదివితే గుటక కన్నా నవ్వు ముందొస్తుంది.

పుస్తకం తడవగానే ఇంట్లోవాళ్లు చేసే మొదటి పని దులపడం, రెండోది పేజీలు విడదియ్యడం. తడి కాగితాన్ని లాగితే చిరుగుతుంది. పుస్తకం మూసి ఉండగానే పైతడిని పాత నూలుపంచెతో అద్దాలి, రుద్దకూడదు. ఆ తర్వాత ఇరవయ్యేసి పేజీలకొక తెల్లకాగితం పెట్టి, అది తడిసినప్పుడల్లా మారుస్తుండాలి. మరీ ఎక్కువ దూరిస్తే వెన్ను పగులుతుంది. చాలామంది చేతికందిన దినపత్రిక పెట్టేస్తారు. దాని సిరా అంటుకుని, పార్వతీశం ఓడెక్కే పేజీలో ఆవేళ్టి బంగారం ధర తిరగబడి కనిపిస్తుంది.

ఈలోగా ఇంటి పెద్దాయన ‘డాబా మీద ఎండలో పడెయ్యండర్రా’ అంటారు. పడేస్తే కాగితం పచ్చబడుతుంది, అట్ట అప్పడంలా లేస్తుంది. హెయిర్ డ్రయ్యర్ వేడికి జిగురు బైండింగు మెత్తబడి పేజీలు ఊడి చేతికొస్తాయి. పేజీలు కాస్త విచ్చుకునేలా నిలబెట్టి ఫ్యాను గాలి తగలనిస్తే చాలు. బొమ్మలున్న నున్నటి ఆర్ట్ పేపరు ఉంటే మాత్రం ముందు దాని సంగతి చూడాలి. తడిగా ఉన్నప్పుడే మధ్యమధ్య కాగితం పెట్టకపోతే, ఎండాక అన్నీ అతుక్కుని ఒకే దిమ్మ అవుతాయి.

తీరిక లేకపోతే ప్లాస్టిక్ కవరులో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. తడి పుస్తకానికి రెండు రోజుల్లో బూజు పట్టడం మొదలవుతుంది, చలికి అది ఆగుతుంది. బఠాణీల పక్కన పుస్తకమేమిటని అత్తగారు అడిగితే ఇదే చెప్పాలి. నమ్మరనుకోండి.

కాఫీలో నీళ్లతో పోయేది కొంతే. పాలు వాసనేస్తాయి, పంచదారకి చీమలు వస్తాయి. రచయిత ఇంకు పెన్నుతో సంతకం పెట్టిన పేజీ ఉంటే దాని జోలికి తడిగుడ్డ పోనివ్వకండి, సంతకం కాస్తా మేఘమైపోతుంది. ముప్పాతిక మువ్వీసం ఆరాక తెల్లకాగితాల మధ్య పెట్టి, పైన బరువుంచితే కొంత చదునవుతుంది.

ఎరువు తెచ్చిన పుస్తకమైతే, ఈ తంటాలన్నీ ఎందుకు, కొత్త ప్రతి కొనిచ్చేద్దాం అనిపిస్తుంది. కానీ ఇచ్చినాయన ప్రతి పేజీ అంచునా పెన్సిలుతో ‘భేష్!’, ‘ఇక్కడ నవ్వాపుకోలేకపోయాను’ అని రాసుకుని ఉంటాడు. అవన్నీ కొత్తదాంట్లో ఎక్కించాలి మరి, అచ్చం ఆయన దస్తూరీలోనే.