కంట్రోల్ పానెల్‌కి 2047 దాకా సర్వీసుంది

2022 ఏప్రిల్ 4న మా మావయ్యవాళ్ల రాజాం శ్రీకాకుళం జిల్లాలోంచి విజయనగరం జిల్లాలోకి వచ్చీసింది. ముందురోజు రాత్రి సిక్కోలు జిల్లాలో పడుకున్నోళ్లు పొద్దున్న లేచేసరికి విజయనగరం జిల్లాలో ఉన్నారు, మంచం కూడా కదల్లేదు. రాజాంతో పాటు వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస, నాలుగు మండలాలు, చెరువులతో గేదెలతో సహా. ఇదంతా ఇప్పుడెందుకంటే, విండోస్‌లో కంప్యూటర్ అమరికలు మార్చుకునే కంట్రోల్ పానెల్ అనే పాతింట్లోంచి సెట్టింగ్స్ అనే కొత్తింట్లోకి సామాను మార్చడం 2012లో విండోస్ 8 వచ్చినపుడు మొదలెట్టారు, ఇప్పటికీ పూర్తవలేదు. నాలుగు మండలాలు ఒక్క రాత్రిలో మారిపోయాయి గానీ స్పీకరు బొమ్మ ఒకటి పదేళ్లు దాటినా గడప దాటట్లేదు.

ఇదేదో ఫిర్యాదనుకునేరు, కాదు. నేను ఆలస్యానికి అనుకూలం. ఈ మార్పిడి ఎప్పటికీ పూర్తవకూడదు దేవుడా అని కోరుకునే వర్గం ఒకటుంది, నేను దాంట్లో మనిషిని, ఆ వర్గం తరఫునే ఈ వినతిపత్రం.

2024 ఆగస్టులో మా వర్గానికి గుండె ఆగినంత పనైంది. మైక్రోసాఫ్ట్ సపోర్ట్ పేజీ ఒకదాంట్లో, కంట్రోల్ పానెల్‌ని మెల్లగా పక్కన పెట్టేస్తున్నాం, ఇక సెట్టింగ్స్ యాప్ చూసుకోండి అన్న అర్థంలో ఒక వాక్యం కనపడింది, ఇంక చూడండి గోల. కొన్నాళ్లకే ఆ వాక్యం దిద్దీసి, కంట్రోల్ పానెల్‌లోని చాలా సెట్టింగులు సెట్టింగ్స్ యాప్‌లోకి తరలే క్రమంలో ఉన్నాయి అని మార్చారు. క్రమంలో ఉన్నాయి! ఆ ముక్క చదివాకే నాకు నిద్ర పట్టింది. ఫైలు మీద ఆ మాట పడిందంటే మన మనవలు కూడా ఆ ఫైలు చూస్తారు.

అసలు దానికి వయసెంతని? 1985 నవంబరు 20న విండోస్ 1.0 వచ్చిన రోజే కంట్రోల్ పానెల్ ఉంది, మన రాష్ట్రంలో గవర్నమెంటు ఉద్యోగికి రిటైర్మెంటు 62, ఆ లెక్కన 2047 దాకా సర్వీసుంది. ఈలోపు బలవంతంగా వీఆర్ఎస్ ఇప్పించడం ఏం న్యాయం? ఇప్పటికీ విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి కంట్రోల్ అని కొట్టండి, పిలిచిన వెంటనే వస్తుంది. ఇన్నేళ్ల సర్వీసులో సార్ సీట్లో లేరు, రేపు రండి అన్న పాపాన పోలేదు.

ఇక రెండు ఆఫీసులూ ఒకేసారి నడవడంలో ఉన్న సుఖం ఇంతా అంతా కాదు. సెట్టింగ్స్‌లో సౌండ్‌కి వెళ్తే అడుగున మోర్ సౌండ్ సెట్టింగ్స్ అని ఉంటుంది, అది నొక్కగానే ఏ కాలందో చిన్న కిటికీ ఒకటి ఓకే, క్యాన్సిల్, అప్లై అని మూడు బటన్లేసుకుని లేచి కూచుంటుంది. ఓహో అసలు పని జరిగేది పాతాఫీసులోనే కదా అని తిన్నగా కంట్రోల్ పానెల్‌కే వెళ్లి సిస్టం అని నొక్కితే, అది మిమ్మల్ని మళ్లీ సెట్టింగ్స్‌లోకే తోసేస్తుంది, 2020 నుంచీ ఇదే వరస. ఆ కౌంటర్లో అడగండి, ఈ కౌంటర్లో అడగండి. ఇంత చక్కటి పద్ధతి మనవాళ్ల సలహా లేకుండా ఎలా కనిపెట్టారో నాకైతే ఆశ్చర్యమే.

ఇప్పుడు అసలు రహస్యం. నాకు కంప్యూటర్ రాదు. ఈ సంగతి మా వైపు ఎవరికీ తెలీదు, మీరూ చెప్పకండి. నాకొచ్చిందల్లా ఓ పదిహేను మాటలు. ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అంటే నెట్‌వర్క్ కనెక్షన్లు, ఏపీపీడబ్ల్యూఐజెడ్ డాట్ సీపీఎల్ అంటే అక్కర్లేని ప్రోగ్రాములు తీసీడం, అలాంటివి. చూడకుండా టకటకా కొడుతుంటే వెనకాల నిలబడ్డవాళ్లు ఊపిరి బిగబట్టడం నాకు వినిపిస్తుంది. పెళ్లిళ్లలో నన్ను ముందు వరసలో కూచోబెడుతున్నారన్నా, గృహప్రవేశానికి విడిగా ఫోన్ చేసి పిలుస్తున్నారన్నా ఈ పదిహేను మాటల వల్లే. అదే ఒక పెద్ద బటన్ మీద నెట్ ఇక్కడ, సౌండ్ ఇక్కడ అని రాసి అన్నీ ఒకచోట పెట్టేస్తే నన్నెవడు పిలుస్తాడు, పిలిచినా కాఫీ ఎవడిస్తాడు? అంచేత ఈ గందరగోళం అలాగే ఉండాలి.

మొన్న సంక్రాంతి వెళ్లాక రాజాం నుంచి మావయ్య ఫోన్. మావయ్య రిటైర్డ్ లెక్కల మేష్టారు.

"ఒరే అల్లుడూ, సిస్టంలో సౌండ్ పోనాదిరా. హరికథ ఎడితే దాసుగారు నోరు కదుపుతున్నారు గానీ మాట బయటకి రావట్లేదు. ఓపాలి వచ్చి చూడు, అత్త నాటుకోడి తెప్పిస్తాదట."

ఆదివారం పొద్దున్నే విజయనగరం కాంప్లెక్సులో బస్సెక్కి, చీపురుపల్లి మీదుగా రాజాం చేరేసరికి పదకొండు. ఇంటికెళ్లేసరికే వంటింట్లోంచి మసాలా వాసన, హాల్లో నాకోసం ప్రత్యేకంగా కుషన్ కుర్చీ. కొడుకు పండక్కి కొనిచ్చిన కొత్త మోనిటర్ టేబుల్ మీద మెరిసిపోతోంది. దాని సంగతి నేను పట్టించుకోలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ముందు డీఈవీఎంజీఎంటీ డాట్ ఎంఎస్‌సీ కొట్టాను, అంటే డివైస్ మేనేజర్. ఎక్కడా పసుపు త్రికోణం లేదు, అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు. తర్వాత సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సీ. దాని తర్వాత డిఐఎస్‌కేఎంజీఎంటీ డాట్ ఎంఎస్‌సీ, డిస్కుకీ సౌండుకీ ఏం సంబంధమని అడక్కండి, చెయ్యి ఊపులో ఉంది. మావయ్య నా భుజం మీంచి కళ్లద్దాలు సర్దుకుని చదువుతున్నాడు.

"ఏట్రా, ఈళ్లందరూ ఎమ్మెస్సీలేనా?"

"అవును మావయ్యా."

"నేనొట్టి బీఎస్సీ బీఈడీ, ముప్పయ్యేళ్లు క్లాసులో వెనక బెంచీ దాకా వినపడేట్టు పాఠం చెప్పీసేను. ఇంతమంది ఎమ్మెస్సీలుండి ఒక్క సౌండ్ తేలేకపోతన్నారేటి?"

నా దగ్గర జవాబు లేదు. ఆ కంగారులో కంప్యూటర్ నియమాలు మార్చే జీపీఎడిట్ అనే ఇంకో ఎమ్మెస్సీని కూడా పిలిచాను, అలాంటివారు ఎవరూ లేరంది. మావయ్యది హోమ్ ఎడిషన్, ఆ పెద్దమనిషి ప్రో ఎడిషన్ వాళ్లింటికే వెళ్తాడు.

ఇలాంటప్పుడు పరువు కాపాడేది ఈవెంట్ వ్యూయర్ ఒక్కటే, అంటే కంప్యూటర్లో జరిగే సంగతులు రాసుకునే చిట్టా. అది తెరిస్తే చాలు, ఎవరి కంప్యూటర్ అయినా సరే, నిన్ననే షాపులోంచి తెచ్చిందైనా సరే, ఎర్ర గుర్తులూ పసుపు గుర్తులూ బారులు తీరుతాయి. మావయ్య మొహం పాలిపోయింది. "ఇన్ని ఎర్రగుర్తులా! టెన్త్ పేపర్లు దిద్దినపుడు కూడా నేనిన్ని ఎట్టలేదురా." నేను గంభీరంగా తలూపాను. అందులో 10016 అని డీకామ్ (ప్రోగ్రాములు ఒకదాన్నొకటి పిలుచుకునే ఏర్పాటు) తాలూకు నంబరొకటి తరచూ కనపడుతూ ఉంటుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు, అదంతే అని కంపెనీవాళ్లే రాసి పెట్టారు. ఆ మాట మావయ్యకి చెప్తే నాటుకోడి పలచబడిపోతుందని చెప్పలేదు. అన్నట్టు ఫోన్ చేసి మీ కంప్యూటర్లో వైరస్ ఉందండీ అనే దొంగవెధవలు కూడా మొదట తెరిపించేది ఈ ఈవెంట్ వ్యూయరే, ఆ ఎర్రగుర్తులు చూపించే జనాన్ని భయపెట్టి డబ్బులు గుంజుతారు. వాళ్లకీ నాకూ తేడా ఏంటంటే, నేను బస్సు ఛార్జీలు నావి నేనే పెట్టుకుంటాను.

ఈలోగా మావయ్య 64 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చి, గుడి మైక్ సెట్టులో పెట్టాలి, అందులో ఫ్యాట్ 32 అడుగుతోందంట, అది కూడా చేసి పెట్టు అన్నాడు. ఫ్యాట్ 32 అంటే డ్రైవులో ఫైళ్లు సర్దే ఓ పాత పద్ధతి. రైట్ క్లిక్, ఫార్మాట్, ఆ చిన్న నిలువు పెట్టె వచ్చింది. అందులో ఫ్యాట్ 32 లేదు, 32 జీబీ దాటిన డ్రైవుకి ఆ పెట్టె దాన్ని చూపించదు. ఆ పెట్టె కథ నాకు మహా ఇష్టం. 1994 చివర్లో ఒక గురువారం పొద్దున్న, బయట వాన పడుతోందట, డేవ్ ప్లమ్మర్ అనే ఇంజనీరు ఫార్మాట్‌కి ఏమేం అడగాలో కాగితమ్మీద రాసుకుని ఒకదాని కింద ఒకటి పేర్చేశాడు, మంచి డిజైన్ వచ్చేదాకా తాత్కాలికంగా ఇది నడుస్తుందిలే అని. ఆ 32 జీబీ గీత కూడా ఆ పొద్దున్నే గీశాడట. మంచి డిజైన్ ఇంకా రాలేదు. ఈ సంగతి ఆయనే 2024లో బయటపెట్టాడు. టాస్క్ మేనేజర్ రాసిందీ ఆయనే, అది మాత్రం తాత్కాలికం అనలేదు మరి.

తాత్కాలికం అన్న మాటకి నేను నవ్వితే మావయ్య నవ్వలేదు. 2014లో హుద్‌హుద్ తుఫానుకి పెరట్లో తాత్కాలికంగా వేసిన రేకుల షెడ్డు ఇంకా ఉంది, అందులో గేదె ఉంటోంది, దానికి కరెంటు బల్బు కూడా పెట్టారు.

సౌండ్ మాత్రం రాలేదు. ఇక చివరాస్త్రం, రెగ్ఎడిట్, అంటే విండోస్ తన అమరికలన్నీ రాసుకునే రిజిస్ట్రీని తెరిచేది. మావయ్య వెంటనే, "రిజిస్ట్రీ అంటే సబ్‌రిజిస్ట్రారాఫీసు లాంటిదా, మరి డాక్యుమెంట్ రైటరేడీ?" అన్నాడు. "నేనే" అన్నాను. నిజానికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసే నయం, అక్కడ చలానా, సాక్షులు, వేలిముద్రలు, పొరపాటైతే సవరణ దస్తావేజు ఉంటాయి. ఇక్కడ సేవ్ బటన్ లేదు, అన్‌డూ లేదు, మార్చింది మార్చినట్టే ఆ క్షణమే రాసీసుకుంటుంది. గతంలో మా ఇంట్లో కంప్యూటర్లో ఇలాగే ఒకటి తుడిచేసి, సిస్టం రిస్టోర్ ఉంది కదా వెనక్కెళ్దాం అని చూస్తే అది ఎప్పుడూ ఆన్ చెయ్యనే లేదు, మూడ్రోజులు మా ఆవిడ నాతో మాట్లాడలేదు, ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి మరి. అంచేత రాజాంలో ఏమీ ముట్టుకోలేదు. రిజిస్ట్రీలో హెచ్‌కీ లోకల్ మెషిన్ అనే విభాగం కింద కొమ్మలన్నీ ఒక్కోటీ విప్పుతూ, మూస్తూ, మధ్యలో "ఊఁ... ఓహో" అంటూ పావుగంట గడిపాను. చూసేవాళ్లకి ఆపరేషన్ థియేటర్లో ఉన్నట్టే ఉంటుంది.

అదీ అయ్యాక దేవుణ్ణే పిలుద్దామనుకున్నాను. గాడ్ మోడ్ అని ఒక చిట్కా ఉంది, ఖాళీ ఫోల్డర్‌కి ఆ పేరు పెట్టి, చుక్క పెట్టి, మీసాల బ్రాకెట్లో 32 అక్షరాలూ అంకెలూ మధ్యలో గీతలతో కొడితే కంట్రోల్ పానెల్ సరంజామా అంతా ఒకే పట్టీలో వచ్చి నిలబడుతుంది. ఆ 32 నా పర్సులో చీటీ మీద రాసుంటాయి, అమ్మవారి ఫొటో పక్కనే. చీటీ చెమటకి తడిసి ఒకచోట 8 అంకో బీ అక్షరమో తెలీలేదు, కొట్టాను, ఫోల్డరు ఫోల్డరుగానే ఉండిపోయింది.

ఇంతలో మావయ్య మనవరాలు, ఎనిమిదో క్లాసు గుంట, దానికి నేను మావయ్యని, ట్యూషన్ నుంచి వచ్చింది. బ్యాగు కూడా దింపలేదు.

"ఏటి తాతా, ఇంకా సౌండ్ రాలేదా?"

"మావయ్య చూస్తన్నాడు, ఎమ్మెస్సీలందరినీ పిలిచాడు. నువ్వు ముట్టుకోకు."

"ఒక్కపాలి జరుగు మావయ్యా."

జరిగాను. కింద కుడిపక్క మూల స్పీకర్ బొమ్మ నొక్కింది, పక్కన ఇంకోటేదో నొక్కింది, ఓ చిన్న జాబితా వచ్చింది. "సౌండంతా ఈ కొత్త మోనిటర్‌లోకి ఎల్లిపోతన్నాది తాతా, దీనికేమో స్పీకర్లు లేవు" అని పాత స్పీకర్ల పేరు మీద ఒక్క నొక్కు నొక్కింది. మోనిటర్‌కి హెచ్‌డీఎంఐ వైరు పెడితే సౌండ్ కూడా ఆ వైరులోంచే వెళ్లొచ్చు, అంతే సంగతి. ఏ డాట్ ఎమ్మెస్సీ లేదు, ఏ డాట్ సీపీఎల్ లేదు. దాసుగారు నిండు వాల్యూంలో ఎత్తుకునేసరికి పెరట్లో గేదె కూడా ఉలిక్కిపడింది.

నేను ఊరుకోలేదు. రిజిస్ట్రీ సర్దాను కాబట్టే ఇప్పుడా నొక్కు పనిచేసిందమ్మా, లేపోతే పనిచేసేది కాదు అని చెప్పాను. మావయ్య సగం నమ్మాడు. గుంట నాకేసి ఓసారి చూసింది, ఏమీ అనలేదు, పెద్దయ్యాక పైకొస్తుంది.

భోజనాలకి కూచున్నాం. అత్త గిన్నె పట్టుకుని ముందు నావైపే వచ్చింది, నా కంచం దాటి వెళ్లి రెండు తొడలూ గుంట కంచంలో వేసింది. తర్వాత వెనక్కొచ్చి నాకు మెడ ముక్క వేసి, "నీ బస్సెన్నింటికి నాయినా?" అంది.